మీ ప్రపోజల్‌లో మీ ఊరు ఎన్నో పేజీలో వచ్చింది?

పోయిన సంచికలో "ఊరి పనులకి ఫండింగ్ ఎట్లా అడగాలో సందేహాలుంటే రాయండి" అని ఒక్క వాక్యం వేసినందుకు ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ కలిపి చాలానే వచ్చాయి. కొన్నిటిలో అడిగింది ఒకటే కాబట్టి ఆరు ఏరుకున్నాను. నేనెవరినని అడిగినవాళ్లకి: అనంతపురంలో ఓ ట్రస్టులో ప్రపోజల్స్ చదివి పైకి పంపే పని కొన్నేళ్లు చేశాను, దానికి ముందు అవే ప్రపోజల్స్ రాసి వరసగా తిప్పికొట్టించుకున్నాను. రెండో అనుభవమే ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: మాది కోసిగి దగ్గర పల్లె. డిగ్రీ అయిపోయిన పదిమందిమి సొసైటీ రిజిస్టర్ చేయించుకున్నాం. మా ఊళ్లో ఏటా సగం ఇళ్లకి తాళాలు పడతాయి, అందరూ గుంటూరు వైపు సుగ్గికి పోతారు, పిల్లల్ని కూడా తోలుకుపోతారు. ఆ పిల్లల్ని ఊళ్లోనే ఉంచి చదివించాలని 12 పేజీల ప్రపోజల్ రాసి మూడు చోట్లకి పంపాం. ఎవరూ జవాబు కూడా ఇవ్వలేదు. కాపీ జత చేశాం, తప్పెక్కడుందో చెప్పండి.
— కోసిగి మండలం నుంచి ఓ పాఠకుడు

జవాబు: తమ్ముడూ, మీ 12 పేజీలూ చదివాను. మొదటి పేజీలో చదువు గొప్పతనం, రెండో పేజీలో దేశంలో అక్షరాస్యత, మూడో పేజీలో రాయలసీమ కరువు చరిత్ర, నాలుగో పేజీలో మీ సొసైటీ ఆశయాలు. మీ ఊరి పేరు ఐదో పేజీలో వచ్చింది. చదివేవాళ్ల దగ్గర ఒక్కోసారి వంద ప్రపోజల్స్ ఉంటాయి, ఒకదానికి పది నిమిషాలు కేటాయిస్తే ఎక్కువ, ఐదో పేజీ దాకా వచ్చే ఓపిక నాకైతే ఉండేది కాదు, నిజం చెప్తున్నాను. చదువు మంచిదని వాళ్లకి మీరు చెప్పక్కర్లేదు, అందుకే కదా డబ్బు పట్టుకుని కూర్చున్నారు. వాళ్లకి తెలియంది మీ ఊరు.

సుగ్గి అంటే ఏమిటో గోదావరి వైపు పాఠకులకి ఒక ముక్క: కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పంట పని అయిపోయాక పత్తి తీతకీ మిరపకోతకీ కుటుంబాలతో సహా వలస పోయి, నాలుగైదు నెలలు గడిపి, ఉగాది అటూ ఇటూ తిరిగి రావడం. మీ ప్రపోజల్‌లో ఈ మాట ఒక్కచోటా లేదు, "సీజనల్ మైగ్రేషన్" అని రాశారు. రెండూ రాయండి, సుగ్గి అని రాసి పక్కన వివరించండి. ఆ మాట రాసినవాడు ఆ ఊరివాడేనని చదివేవాడికి అర్థమవుతుంది.

ఇంక అసలు విషయం. పిల్లలు ఎందుకు పోతున్నారో మీరు రాయలేదు. "తల్లిదండ్రులకు అవగాహన లేక" అని ఒక వాక్యంతో సరిపెట్టారు. అవగాహన లేకపోవడమేంటి, ఆ తల్లికి అన్నీ తెలుసు. మిరపకోతలో కూలి చాలాచోట్ల కిలోల లెక్క. చంకలో బిడ్డను పెట్టుకుని కోస్తే కిలోలు పడవు కాబట్టి చెల్లిని చూసుకోవడానికి తొమ్మిదేళ్ల పిల్ల కావాలి. పన్నెండేళ్ల పిల్లాడైతే వాడూ కోస్తాడు. ఇంకొక ఇంట్లో ముసలమ్మ ఉంది కానీ ఆమెకి కళ్లు కనిపించవు, రాత్రి ఆడపిల్లను ఆమె దగ్గర ఎట్లా వదిలిపెడతారు? ఈ మూడిళ్లకీ మూడు రకాల మందు కావాలి, మీరు మాత్రం మూడిటికీ కలిపి సాయంత్రం ట్యూషన్ అని రాశారు. ట్యూషన్ పెట్టినంత మాత్రాన ఏ తల్లీ పిల్లని వదిలి పోదు. రాత్రి ఎక్కడ పడుకుంటుంది, పొద్దున ఏం తింటుంది, జ్వరమొస్తే ఎవరు చూస్తారు అని అడుగుతుంది. ట్రస్టువాళ్లు అడిగేవి కూడా సరిగ్గా అవే.

కాబట్టి ప్రపోజల్ పక్కన పెట్టి ముందు నోటుపుస్తకం తీసుకుని ఇల్లిల్లూ తిరగండి. పదిమంది ఉన్నారు, నాలుగు ఆదివారాల పని. ఏ ఇల్లు, ఏ నెలలో పోయింది, పిల్లలెంతమంది, ఏ తరగతి, ఇంట్లో మిగిలేది ఎవరు, ఎందుకు తీసుకుపోయారు. బడికి పోయి హెడ్మాస్టరుని అడిగి హాజరు పట్టీ చూడండి, నవంబరులో ఎంతమంది, ఫిబ్రవరిలో ఎంతమంది. దీన్నే ఫండర్లు బేస్‌లైన్ అని పెద్ద పేరుతో పిలుస్తారు. అది ఉంటే మీ మొదటి పేరా ఇట్లా వస్తుంది (అంకెలు నేను ఊరికే వేసినవి, మీవి మీరు వేసుకోండి): "మా ఊళ్లో 212 ఇళ్లు. పోయిన ఏడాది 94 ఇళ్లవాళ్లు సుగ్గికి పోయారు. వాళ్లతో పాటు 61 మంది బడి పిల్లలు పోయారు, తిరిగొచ్చాక 17 మంది మళ్లీ బడి గడప తొక్కలేదు. ఆ 61 మందిలో 40 మంది పిల్లల తల్లులు, రాత్రిపూట నమ్మకంగా చూసే మనిషి, రెండు పూటలా తిండి ఉంటే పిల్లల్ని వదిలి పోతామని మాతో చెప్పారు. ఆ 40 మందికి ఐదు నెలల పాటు ఆ ఏర్పాటు చేయడానికి ఈ ప్రపోజల్." ఇంతే. ఇది చదివినవాడు రెండో పేరాకి పోతాడు.

సర్కారు ఇప్పటికే ఏం చేస్తోందో కూడా రాయాలి, చాలామంది దాచిపెడతారు, చెప్తే మనకి డబ్బులు రావేమోనని. సమగ్ర శిక్ష అనే సర్కారు చదువు పథకం కింద ఇట్లాంటి పిల్లలకి సీజనల్ హాస్టళ్లు పెట్టే ఏర్పాటు ఉంది. మీ మండలంలో ఎక్కడెక్కడ పెట్టారో, మీ ఊరికి ఎందుకు అందలేదో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగి రాసుకోండి. మధ్యాహ్న భోజనం బడిలో ఉంది కాబట్టి దానికి డబ్బు అడగకండి.

బడ్జెట్ సంగతి. మీరు "నిర్వహణ ఖర్చులు 6 లక్షలు" అని ఒక్క గీతలో రాశారు, ఆ గీత చూసి ఫైలు మూసేసి ఉంటారు. విడదీయాలి. పొద్దున, రాత్రి తిండికి పిల్లాడికి రోజుకి 45 రూపాయలనుకుందాం, 40 మందికి 150 రోజులకి 2,70,000. రాత్రి తోడుండే ఇద్దరికి నెలకి 8,000 చొప్పున ఐదు నెలలకి 80,000. వంటమనిషికి నెలకి 6,000, ఐదు నెలలకి 30,000. చాపలు, బల్బులు, పుస్తకాలు, మందుల డబ్బా కలిపి 20,000. మొత్తం 4,00,000, అంటే పిల్లాడికి 10,000. ఇందులో నేను ఒక తప్పు చేశాను, పట్టుకున్నారా? బడి లేని రోజు మధ్యాహ్నం అన్నం ఎవరు పెడతారు? ఆదివారాలు, సంక్రాంతి సెలవులు కలిపి ఓ 30 రోజులు, పూటకి 25 రూపాయల లెక్కన ఇంకో 30,000. ఊళ్లో ఉండి లెక్క వేసేవాడికి సంక్రాంతి గుర్తొస్తుంది, ఆఫీసులో కూర్చుని వేసేవాడికి రాదు, చదివేవాడు చూసేది ఆ తేడానే. ఊరు ఏం ఇస్తుందో కూడా రాయండి. గది పంచాయతీదా, కట్టెలు ఎవరివి, జొన్నలు ఎన్ని బస్తాలు వస్తాయి. డబ్బు రూపంలో లేకపోయినా విలువ కట్టి పక్క గడిలో వేయండి.

చివరగా, 12 పేజీలు వద్దు. ముందు రెండు పేజీల కన్సెప్ట్ నోట్ పంపి, ఫోన్ చేసి, ఆసక్తి ఉందంటేనే పూర్తిది రాయండి. మీరు పంపిన మూడు చోట్లలో ఒకటి కంటి ఆపరేషన్లకి మాత్రమే డబ్బిచ్చే సంస్థ. వాళ్ల వెబ్‌సైటులో మొదటి పేజీలోనే ఉంది!

ప్రశ్న: మైదుకూరు దగ్గర మా మహిళా సంఘంలో పదకొండు మందిమి పసుపు పొడి యూనిట్ పెట్టాలనుకుంటున్నాం. కడపలో ఒకాయన గ్రాంటు ప్రపోజల్ రాసిపెడతా, వచ్చినదాంట్లో 10 శాతం ఇవ్వండి, ముందు 15,000 కట్టండి అంటున్నాడు. ఇవ్వొచ్చా?
— ఓ సంఘం లీడరు, కడప జిల్లా

జవాబు: ఇవ్వొద్దక్కా. రాసినందుకు ఇంత అని ఒక కూలి మాట్లాడుకోవడంలో తప్పు లేదు, అది కష్టానికి డబ్బు. శాతం లెక్క వేరు. ఆ 10 శాతం ఏ పద్దు కింద రాస్తారు? "కన్సల్టెంటు కమీషన్" అని రాస్తే ఫండరు ఒప్పుకోడు, రాయకపోతే మిషను ధరలో కలపాలి, కలిపితే రేపు ఆడిట్‌లో కొటేషనుకీ బిల్లుకీ పొంతన కుదరదు. అప్పుడు సంతకం మీది ఉంటుంది, ఆయన ఫోన్ స్విచాఫ్ ఉంటుంది.

నాకు జరిగిందే చెప్తాను. మొదట్లో మేమూ ఒకాయనకి డబ్బు కట్టి రాయించుకున్నాం, మంచి ఇంగ్లీషు, రంగు రంగుల పట్టికలు, చూసి మురిసిపోయాం. పంపిన నెలకి ట్రస్టు నుంచి ఫోన్ వచ్చింది, "మీది కదిరి దగ్గర ఊరు కదా, తొమ్మిదో పేజీలో సముద్రపు వేట నిషేధ కాలంలో మీకు పని ఉండదని రాశారేంటి?" అని. ఎక్కడో కోస్తా మత్స్యకారుల కోసం రాసినదాంట్లో ఊరి పేరు మార్చి మాకు అంటగట్టాడు. కదిరిలో సముద్రం!

అయితే మీ విషయంలో ఇంకో మాట ఉంది. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, పొడి చేసి అమ్మడమంటే అది వ్యాపారం, లాభం మీ పదకొండు మందికి. సేవా కార్యక్రమాలకి గ్రాంటు ఇచ్చే ట్రస్టుల దగ్గర అది సాధారణంగా నిలవదు. మీకు సరిపోయే దారి పీఎంఎఫ్ఎంఈ అని పిలిచే కేంద్ర పథకం, చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం 2020లో మొదలైంది. బ్యాంకు లోనుతో ముడిపడి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ, దానికి తోడు సంఘాల్లో ఆహార పదార్థాలు తయారుచేసే సభ్యులకి తలా 40,000 దాకా సీడ్ క్యాపిటల్, అంటే మొదటి పెట్టుబడి, అని పెట్టారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో, షరతులేమైనా మారాయో మహిళా సంఘాల పనులు చూసే మీ వెలుగు ఆఫీసులో ఏపీఎంని (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్) అడగండి, 15,000 కట్టకుండానే చెప్తారు. అక్కడ కావలసింది ప్రపోజల్ కంటే ప్రాజెక్టు రిపోర్టు: ఏడాదికి ఎన్ని క్వింటాళ్ల కొమ్ములు, ఏ ధరకి కొంటారు, ఎండాక ఎంత తరుగు, పొడి ఎవరికి అమ్ముతారు. మీ ఊళ్లో పసుపు పండించే రైతు ఈ లెక్క నోటితో చెప్తాడు, కూర్చుని రాసుకోండి.

ప్రశ్న: తాడిపత్రి దగ్గర మా ఊరికి ఆనుకునే సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. దుమ్మంతా మాకు, సీఎస్ఆర్ డబ్బు ఎక్కడికో. చట్టప్రకారం మా ఊరికి ఇవ్వాల్సిందే కదా? ఎట్లా అడగాలి?
— ఓ రైతు, అనంతపురం జిల్లా

జవాబు: మీ కోపం సరైందే, చట్టం మాత్రం మీరనుకున్నంత గట్టిగా లేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర ఆస్తి 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి, సీఎస్ఆర్ అంటే ఆ డబ్బే. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని అందులో ఉంది, ఫలానా ఊరికి ఇంత వాటా అని మాత్రం లేదు. కాబట్టి "మా హక్కు" అని మొదలుపెడితే వాళ్ల లాయరు జవాబు రాస్తాడు, "మీ గేటుకి ఇన్ని కిలోమీటర్లలో ఉన్నాం, మా ఊళ్లో ఈ పని ఆగిపోయి ఉంది" అని మొదలుపెడితే సీఎస్ఆర్ ఆఫీసరు చదువుతాడు. దుమ్ము సంగతి దీంట్లో కలపకండి, అది కాలుష్య నియంత్రణ మండలికి వేరే కాగితం మీద వేరే ఫిర్యాదు. రెండూ కలిపితే బడికి గది ఇచ్చి దుమ్ము గురించి నోరు మూయిస్తారు.

ఏ పనులు అడగొచ్చో ఆ చట్టంలోనే షెడ్యూల్ 7లో ఉంది: వైద్యం, తాగునీరు, పారిశుధ్యం, చదువు, పర్యావరణం, గ్రామాభివృద్ధి లాంటివి. జాతర ఖర్చు, గుడి ప్రాకారం వాటిలో లేవు. కంపెనీ సీఎస్ఆర్ పాలసీ, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టుల జాబితా వెబ్‌సైటులో పెట్టాలన్న నియమం కూడా ఉంది, ఊళ్లో ఇంటర్ చదివే పిల్లాడిని కూర్చోబెట్టి తీయించండి. ఇంతకు ముందు దేనికి ఇచ్చారో చూస్తే దేనికి ఇస్తారో సగం తెలుస్తుంది.

ఎవరి పేరున అడగాలన్నది అందరూ తడబడే చోటు. సొసైటీ పేరున డబ్బు తీసుకోవాలంటే 12ఏ, 80జీ అనే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు ఉండాలి, అట్లాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబరు కూడా తెచ్చుకోవాలి. నిన్న పెట్టిన సంఘానికి ఇవేవీ ఉండవు. కానీ కంపెనీ తన డబ్బుతో తానే నేరుగా పని చేయించొచ్చు కదా! మీ ఊరికి అదే సులువు. గ్రామసభ తీర్మానం, స్థలం పంచాయతీదేనని కాగితం, ఇంజనీరుతో వేయించిన ఎస్టిమేటు, నాలుగు ఫొటోలు. కట్టాక కరెంటు బిల్లు, రిపేర్లు ఎవరు చూస్తారో ఒక పేరా. ఆ పేరా లేకనే ఎన్ని ఊళ్లలో నీళ్ల ప్లాంట్లు తుప్పు పట్టాయో మీకూ తెలుసు. లెక్కల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరిల్లోనే ఇచ్చేయండి, వచ్చే ఏడాది ప్లాను తయారయ్యేది అప్పుడే.

ప్రశ్న: ఇంగ్లీషు సరిగ్గా రాదు. ప్రపోజల్ తెలుగులో ఇస్తే తీసుకుంటారా?
— ఆదోని

జవాబు: కలెక్టరాఫీసులో, జిల్లా శాఖల్లో తీసుకుంటారు. పెద్ద కంపెనీలూ బయటి రాష్ట్రాల ట్రస్టులూ ఇంగ్లీషులోనే అడుగుతాయి. అయినా ముందు తెలుగులోనే రాయండి, ఊళ్లో నలుగురికి చదివి వినిపించండి, వాళ్లకి అర్థమయ్యాక కాలేజీ లెక్చరరు ఎవరితోనైనా ఇంగ్లీషు చేయించండి. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెట్టినవాళ్లు "ఎంపవర్‌మెంట్", "హోలిస్టిక్" దగ్గరే తిరుగుతుంటారు, ఊళ్లో ఎవరు ఏం చేస్తారో చెప్పకుండానే పేజీ అయిపోతుంది.

ప్రశ్న: కళ్యాణదుర్గం దగ్గర చెరువు పూడికతీతకి మా సొసైటీకి ఒక ట్రస్టు డబ్బిచ్చింది. పని బాగా అయింది. కానీ ట్రాక్టర్లకి అని రాసిన డబ్బులో కొంత తూము రిపేరుకి పెట్టాం, అడగలేదు. ఇప్పుడు యూసీ (డబ్బు దేనికి ఖర్చయిందో చూపే సర్టిఫికెట్) పంపమంటున్నారు, టెన్షన్‌గా ఉంది. రెండో ఏడాదికి మళ్లీ ప్రపోజల్ పెట్టాలి. ట్రాక్టర్ బిల్లులు ఎక్కువ రాయించి సర్దేయొచ్చా?
— పేరు వద్దన్నారు

జవాబు: పేరు వేయలేదు, భయపడకండి. బిల్లులు మాత్రం రాయించకండి. తూము బాగుచేయడం తప్పు కాదు, తప్పుడు బిల్లుతో దాన్ని కప్పితే మాత్రం మోసం అవుతుంది. ముందు ఒప్పందం కాగితం తీసి చూడండి, ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకి 10 శాతం దాకా మార్చుకోవచ్చని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. దాటిపోతే ఈరోజే ఉత్తరం రాయండి: పూడిక తీస్తుంటే తూము పగిలి ఉన్నట్టు బయటపడింది, బాగుచేయకపోతే తీసినదంతా వృథా, వాన ముందు చేయాల్సి వచ్చింది, ముందుగా అనుమతి అడగకపోవడం మా పొరపాటు, ఖర్చు ఇంత, బిల్లు ఇదిగో, తీర్మానం ఇదిగో. నేను ఆ కుర్చీలో ఉన్నప్పుడు ఇట్లాంటి ఉత్తరాలు వస్తే చిరాకు పడేవాణ్ణి కానీ ఒప్పుకునేవాణ్ణి. అన్ని పద్దులూ పైసాతో సహా ప్రపోజల్‌లో రాసినట్టే ఖర్చయ్యాయని వచ్చిన రిపోర్టులనే రెండోసారి తిరగేసేవాణ్ణి, ఏ ఊళ్లో ఏ పని అట్లా జరుగుతుంది చెప్పండి?

ఇంకొకటి, ఈ గ్రాంటుకి వేరే లెడ్జరు లేకపోతే ఇప్పుడైనా రాయండి. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇచ్చి ఉంటే సీఏతో ముందే చెప్పండి, ఆదాయపు పన్నులో అది చిక్కు. పొలాలకి మట్టి తోలుకున్న రైతులు తమ ట్రాక్టర్లు పెట్టి ఉంటారుగా? ఎన్ని ట్రిప్పులు, ఎవరెవరు, సంతకాలతో పట్టీ వేయండి. రెండో ఏడాది ప్రపోజల్‌లో అదే మీ ఊరి వాటా. తూము ఈసారి మొదటి పద్దుగా పెట్టండి.

ప్రశ్న: సిద్ధవటం దగ్గర మా ఊరివాళ్లు యాభై మంది దాకా కువైట్‌లో ఉన్నారు. ఊళ్లో లైబ్రరీకి అందరూ పోగుచేసి మా సొసైటీ అకౌంటుకి పంపుతామంటున్నారు. ప్రపోజల్ గొడవ లేదు, తీసుకోవచ్చు కదా?
— ఓ రిటైర్డ్ టీచరు

జవాబు: మాస్టారూ, ఆ "పోగుచేసి" అన్న మాట దగ్గరే ఆగాలి. మీ సొసైటీకి ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్, లేకపోతే విదేశీ విరాళం తీసుకోవడం నేరం. భారత పౌరుడు, అంటే మన పాస్‌పోర్టే ఉన్నవాడు, అక్కడ సంపాదించిన తన సొంత డబ్బు మామూలు బ్యాంకు దారిలో పంపితే దాన్ని విదేశీ విరాళంగా లెక్కించరు. అదే అక్కడ సంఘంగా ఏర్పడి ఆ సంఘం అకౌంటు నుంచి పంపితే విదేశీ సంస్థ ఇచ్చినట్టవుతుంది. అమెరికా పోయి అక్కడి పౌరసత్వం తీసుకున్న మీ శిష్యుడు ఎవరైనా ఉంటే, మన మనిషే అయినా చట్టం దృష్టిలో ఆయన విదేశీయుడే, ఆయన డబ్బు వద్దు.

ఎఫ్‌సీఆర్ఏ తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. మామూలుగా దానికి మూడేళ్ల సొసైటీ, ఆ మూడేళ్లలో అసలు పనులకి 15 లక్షల ఖర్చు చూపాలి, డబ్బు వచ్చేది ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాకే. ఒక లైబ్రరీ కోసం అంత అవసరం లేదు. ఒక్కొక్కరూ ఎవరి అకౌంటు నుంచి వాళ్లు విడిగా పంపమనండి, పాస్‌పోర్టు కాపీ, "ఇది నా సొంత సంపాదన" అని సంతకం చేసిన కాగితం వాట్సాప్‌లో తెప్పించుకుని ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి, ప్రతి ఒక్కరికీ రసీదు ఇవ్వండి. మొదటి రూపాయి రాకముందే ఈ ఏర్పాటు మీ సీఏకి ఒకసారి చూపించండి.

ప్రపోజల్ గొడవ లేదన్నారు కానీ ఆ యాభై మందీ ఎండలో పనిచేసి పంపుతున్నారు. గది ఎవరిది, పుస్తకాలకి ఎంత, రోజూ తాళం తీసేది ఎవరు, రెండో ఏడాది పేపర్ బిల్లు ఎవరు కడతారు అని వాళ్లకీ ఒక పేజీ రాసి పంపండి మాస్టారూ. తెలుగులోనే.